దూరపు వార్మింట్ వేటకి కార్ట్రిడ్జ్ ఎంపిక: జంతువు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి

300 గజాల అవతల మట్టిదిబ్బ మీద ప్రైరీ డాగ్ నిటారుగా నిలబడి ఉంది. స్కోప్‌లో దాని వెడల్పు మహా అయితే మూడు అంగుళాలు. ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాను. దానికి సరిగ్గా జానెడు ఎడమగా దుమ్ము లేచింది. అది తల తిప్పి ఆ దుమ్ము వైపు ఒకసారి చూసి, మళ్లీ తన పనిలో పడింది. ముందు రోజు రేంజ్‌లో, వంద గజాల దగ్గర, అదే రైఫిల్ అయిదు రౌండ్లని బొటనవేలి గోరంత జాగాలో పెట్టింది.

తప్పు రైఫిల్‌ది కాదు. నేను కార్ట్రిడ్జ్ ఎంచుకున్న పద్ధతిది. డబ్బాల మీద అంకెలు చూసి, ఏది ఎక్కువ వేగం చూపిస్తే అది కొన్నాను. వేగం ఉంటే చాలు, మిగతావన్నీ అవే సర్దుకుంటాయనుకున్నాను. సర్దుకోలేదు.

అందుకే ఇక్కడ కార్ట్రిడ్జ్ పేరుతో మొదలుపెట్టడం లేదు. ముందు జంతువు, తర్వాత దూరం, ఆ తర్వాత గాలి. పేరు చివర్లో తనంతట తనే వస్తుంది.

ముందుగా మాటల్లో తికమక లేకుండా చేసుకుందాం. మనం మామూలుగా దేన్నైనా తూటా అనేస్తాం. ఇక్కడ మాత్రం ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్, లోపల పౌడర్, మూతి దగ్గర బిగించిన బుల్లెట్, ఇవన్నీ కలిసినదే కార్ట్రిడ్జ్. ఎగిరి వెళ్లేది బుల్లెట్ ఒక్కటే. దాని బరువు గ్రెయిన్లలో చెప్తారు. 7,000 గ్రెయిన్లు ఒక పౌండు. వేగం సెకనుకి అడుగుల్లో. వార్మింట్ అంటే పొలాలకీ, పచ్చికకీ, పశువులకీ నష్టం చేసే జంతువు అని స్థూలంగా అర్థం. ప్రైరీ డాగ్ పేరులో కుక్క ఉంది గానీ అది నేలలో బొరియలు తవ్వే ఉడుత జాతి.

మొదటి మెట్టు: మూడు ప్రశ్నలకి కాగితం మీద జవాబు రాయండి

ఏ జంతువు? ఎంత దూరం? రోజుకి ఎన్ని రౌండ్లు?

మొదటి రెండూ అందరూ అడుగుతారు. మూడోది ఎవరూ అడగరు. నిజానికి చాలామంది ఎంపికని తలకిందులు చేసేది అదే. సౌత్ డకోటాలోనో, వయోమింగ్‌లోనో పెద్ద ప్రైరీ డాగ్ కాలనీ దగ్గర కూర్చుంటే రోజుకి రెండు మూడు వందల రౌండ్లు కాల్చేయడం మామూలే. అదే కొయోటీ (తోడేలుని పోలిన అడవి జంతువు) కోసం అయితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూత పెట్టి పిలిచినా రెండు రౌండ్లు కాలిస్తే గొప్ప. ఈ రెండు పనులకీ ఒకే కార్ట్రిడ్జ్ సరిపోవచ్చు, కానీ రెండింటికీ ఒకే కార్ట్రిడ్జ్ అత్యుత్తమం అవ్వదు.

సైజు కూడా చూడండి. ప్రైరీ డాగ్ నిలబడితే అడుగు ఎత్తు, మూడు అంగుళాల వెడల్పు. గ్రౌండ్ స్క్విరల్ (నేల ఉడుత) అంతకన్నా చిన్నది. వుడ్‌చక్ అనే గ్రౌండ్‌హాగ్ ఒడ్డూ పొడుగూ ఉన్న జంతువు కాబట్టి గురికి కాస్త వెసులుబాటు ఇస్తుంది. కొయోటీ 20 నుంచి 50 పౌండ్లు ఉంటుంది. దాని ఎముకలు, కండలు బుల్లెట్‌కి అడ్డం పడతాయి, అక్కడ లోతుగా దిగడం కూడా కావాలి.

దూరం విషయంలో ఒక్క లెక్క చాలు. ఎమ్‌ఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్, డిగ్రీలో అరవయ్యో వంతు) అనే కోణం 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు, 300 గజాల దగ్గర మూడు అంగుళాల పైచిలుకు. ఒకే గురితో కాల్చిన రౌండ్లన్నీ పడే జాగానే గ్రూపు అంటారు. అంటే మీ రైఫిల్ 1 ఎమ్‌ఓఏ గ్రూపు పెట్టేదైతే, గాలి అసలు లేకపోయినా, మీ చేయి రాయిలా స్థిరంగా ఉన్నా, 300 గజాల దగ్గర దాని గ్రూపే ప్రైరీ డాగ్ అంత వెడల్పు. 400కి వెళ్లాలంటే అర ఎమ్‌ఓఏ రైఫిల్ కావాలి. అది లేకుండా కార్ట్రిడ్జ్ మార్చి లాభం లేదు.

రెండో మెట్టు: గాలితో లెక్క కట్టండి, పడిపోవడంతో కాదు

కొత్తవాళ్లు అందరూ బుల్లెట్ ఎంత కిందకి పడుతుందా అని టెన్షన్ పడతారు. ఫ్లాట్‌గా వెళ్లే కార్ట్రిడ్జ్ కావాలంటారు. దూరం కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్ చేతికొచ్చాక అది సగం తీరిపోయిన సమస్య. కార్ట్రిడ్జ్ పేర్లలో .223 లాంటి అంకె సుమారుగా బుల్లెట్ మందం, అంగుళాల్లో. 200 గజాలకి గురి సరిచేసిన .223లో 55 గ్రెయిన్ల బుల్లెట్ 300 దగ్గర ఏడు అంగుళాలు కిందకి వస్తుంది, .22-250లో అదే బుల్లెట్ అయిదు అంగుళాలు. దూరం కచ్చితంగా తెలిస్తే రెండింటికీ టరెట్ (స్కోప్ మీద గురి సర్దే మర) కొన్ని క్లిక్కులు తిప్పుకోవడమే. గురుత్వాకర్షణ నిన్నా ఇవాళా ఒకటే. గాలి మాత్రం దిబ్బ దిబ్బకీ మారుతుంది, దాన్ని కొలిచే పరికరం మీ చేతిలో ఉన్నా అది కొలిచేది మీ దగ్గరి గాలినే, జంతువు దగ్గరి గాలిని కాదు.

గాలి బుల్లెట్‌ని ఎంత పక్కకి నెడుతుందో తేల్చేది అది గాలిలో గడిపిన మొత్తం సమయం కాదు. ఆలస్యం. ఉదాహరణకి .223లో వి-మ్యాక్స్ అనే 55 గ్రెయిన్ల వార్మింట్ బుల్లెట్ 3,240 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. దారిలో అస్సలు వేగం తగ్గకపోతే 300 గజాలు వెళ్లడానికి 0.278 సెకన్లు. నిజంగా పట్టేది సుమారు 0.339. తేడా 0.061 సెకన్లు. గంటకి 10 మైళ్ల పక్కగాలి అంటే సెకనుకి 176 అంగుళాలు. రెండూ గుణిస్తే దాదాపు 11 అంగుళాలు. ఆ 11 అంగుళాలని తేల్చేది బయల్దేరే వేగం ఒక్కటే కాదు, బుల్లెట్ దారిలో వేగాన్ని ఎంత నిలుపుకుంది అన్నది కూడా. ఆ నిలుపుకునే గుణాన్నే బాలిస్టిక్ కోఎఫిషియెంట్ అంటారు, అందరూ వాడే మాట బీసీ. ఎంత ఎక్కువైతే అంత మంచిది.

ఇదే పద్ధతిలో 400 గజాలకి, 10 మైళ్ల పక్కగాలికి నేను కట్టుకున్న అంచనాలు ఇవి:

- .223 రెమింగ్టన్, 55 గ్రెయిన్లు, 3,240 అడుగులు: 20 నుంచి 21 అంగుళాలు
- .22-250, 40 గ్రెయిన్లు, 4,150 అడుగులు: 20 అంగుళాలు
- .22-250, 55 గ్రెయిన్లు, 3,680 అడుగులు: 17 అంగుళాలు
- .204 రూగర్, 40 గ్రెయిన్లు, 3,900 అడుగులు: 14 నుంచి 15 అంగుళాలు
- .243 లేదా 6 ఎంఎం క్రీడ్‌మోర్, 87 గ్రెయిన్లు, 3,200 అడుగులు: 12 అంగుళాలు
- .223, 75 గ్రెయిన్ల పొడుగు మ్యాచ్ (టార్గెట్ పోటీల) బుల్లెట్, 2,800 అడుగులు: సుమారు 12 అంగుళాలు

రెండో వరసని మళ్లీ చూడండి. 4,150 అడుగులు! డబ్బా మీద చూస్తే కళ్లు చెదిరే అంకె. కానీ ఆ తేలికపాటి బుల్లెట్ బీసీ 0.200 మాత్రమే, అందుకే 400 దగ్గరికి వచ్చేసరికి మామూలు .223తో సమానంగా గాలికి కొట్టుకుపోతోంది. ఇప్పుడు చివరి వరస చూడండి. జాబితాలో అన్నిటికన్నా నెమ్మది, అయినా గాలిపాటు 6 ఎంఎంతో సమానం, మిగతా అన్నిటికన్నా తక్కువ. దాని బీసీ 0.467.

ఇక మొదట్లో చెప్పిన నా జానెడు సంగతి. ఆ రైఫిల్ .22-250. .22-250లో 55 గ్రెయిన్ల బుల్లెట్ 300 గజాల దగ్గర 10 మైళ్ల గాలికి తొమ్మిది అంగుళాలు జరుగుతుంది. చెట్ల ఆకులు, చిన్న కొమ్మలు ఆగకుండా కదులుతుంటే గాలి ఇంచుమించు 8 నుంచి 12 మైళ్లు. ఆ మైదానంలో చెట్లు లేవు, కదిలేది గడ్డి ఒక్కటే. నేను గడ్డిని చూడలేదు.

ఇంకొకటి. అసలు ప్రశ్న "10 మైళ్ల గాలికి ఎంత జరుగుతుంది" అన్నది కాదు, "నా అంచనా 3 మైళ్లు తప్పితే ఎంత జరుగుతుంది" అన్నది. 300 గజాల దగ్గర .223లో 55 గ్రెయిన్లకి ఆ పొరపాటు ఖరీదు మూడు అంగుళాల పైనే. ప్రైరీ డాగ్ నడుమ మీద గురిపెడితే ఒకటిన్నర అంగుళం దాటితే మిస్సే. .204కి అదే పొరపాటు రెండు అంగుళాల పావు. 75 గ్రెయిన్ల పొడుగు బుల్లెట్‌కి రెండు అంగుళాల లోపు. గాలిని ఎవరూ ప్రతిసారీ సరిగ్గా చదవలేరు కాబట్టి, మంచి కార్ట్రిడ్జ్ అంటే మీ తప్పుని ఎంత తక్కువ శిక్షతో వదిలేస్తుందో అది.

మూడో మెట్టు: ఇప్పుడు పేర్లు

150 గజాల లోపు అయితే .17 హెచ్‌ఎమ్ఆర్ చాలు. 2002లో హోర్నడీ కంపెనీ తెచ్చిన రిమ్‌ఫైర్ (కేసు అంచులోనే ప్రైమర్ ఉండే రకం) ఇది. 17 గ్రెయిన్లు, 2,550 అడుగులు. చప్పుడు తక్కువ, భుజానికి తగిలే దెబ్బ (రికాయిల్) దాదాపు లేదు. 100 గజాల దగ్గర 10 మైళ్ల గాలికి మూడు అంగుళాలు జరిగేది 200 దగ్గర పద్నాలుగు దాటుతుంది. అక్కడితో దాని కథ సరి. దూరపు వేట గురించి మాట్లాడుతూ దీన్ని ఎందుకు చెప్పానంటే, చాలామంది "దూరం" అనుకునేది నిజానికి 120 గజాలే. రేంజ్‌ఫైండర్‌తో కొలిచి చూసుకోండి, డబ్బు మిగులుతుంది.

.223 రెమింగ్టన్ నా దృష్టిలో అందరి మొదటి కార్ట్రిడ్జ్. అమెరికా సైన్యం 5.56కి తోబుట్టువుగా 1964లో బజారుకొచ్చింది. పాతిక, ఇరవై ఏడు గ్రెయిన్ల పౌడర్‌తో పని చేస్తుంది కాబట్టి బ్యారెల్ వేడెక్కడం నెమ్మది, దెబ్బ తక్కువ, కార్ట్రిడ్జ్‌లు ఎక్కడైనా దొరుకుతాయి. 300 గజాల దాకా దీనితో చేయలేని ప్రైరీ డాగ్ పని అంటూ ఏదీ లేదు. ఇది వద్దనుకోవడానికి మీ దగ్గర ఒక కారణం ఉండాలి, ఆ కారణం మాటల్లో చెప్పగలగాలి. "అందరి దగ్గరా ఉంది, బోరు" అన్నది కారణం కాదు.

.204 రూగర్ 2004లో వచ్చింది. .222 రెమింగ్టన్ మాగ్నమ్ కేసు మూతిని సన్నం చేసి తయారుచేశారు. 32 గ్రెయిన్ల బుల్లెట్ 4,225 అడుగులు, కానీ నన్నడిగితే దీనికి 40 గ్రెయిన్లే సరైన జోడీ. పౌడర్ .223 కన్నా కొంచెమే ఎక్కువ, గాలికి మాత్రం .22-250 కన్నా బాగా నిలబడుతుంది. కొయోటీ చర్మం పాడు కాకూడదనుకునేవాళ్లు దీన్ని ఇష్టపడటానికి కారణం ఉంది: సన్న బుల్లెట్ లోపలికి వెళ్లి అక్కడే ముక్కలై ఆగిపోతుంది, అవతలి వైపు పెద్ద రంధ్రం ఉండదు. అయితే జంతువు ఎదురుగా భుజం చూపిస్తూ నిలబడితే ఆగండి. తేలిక బుల్లెట్ భుజం ఎముక మీదే పగిలిపోయి పైపై గాయం చేసే ప్రమాదం ఉంది. అలాంటి గాయంతో పారిపోయిన జంతువుని వెతుక్కుంటూ తిరగడం కన్నా పాపం లేదు.

.22-250 వెనక పెద్ద కథ ఉంది. 1915 నాటి .250 సావేజ్ కేసుకి మూతి సన్నం చేసి, ఇంట్లో ఖాళీ కేసుల్లో పౌడర్ నింపుకునేవాళ్లు దశాబ్దాల పాటు సొంతంగా తయారుచేసుకున్నారు. చివరికి రెమింగ్టన్ 1965లో అధికారికంగా ఫ్యాక్టరీ కార్ట్రిడ్జ్ చేసింది. అంటే జనం పరీక్షించి పాస్ చేశాక కంపెనీ ఒప్పుకున్న కార్ట్రిడ్జ్. కొయోటీకి, 400 గజాల దాకా, 55 గ్రెయిన్లతో దీన్ని మించిన సులువు లేదు. ప్రైరీ డాగ్ కాలనీకి మాత్రం రోజంతా వాడే ఏకైక రైఫిల్‌గా నేను వద్దంటాను. కారణం వేడి, అది కింద చెప్తాను. దీని అన్నగారు .220 స్విఫ్ట్, వించెస్టర్ 1935లో తెచ్చింది, 48 గ్రెయిన్లు 4,110 అడుగులు. ఆ రోజుల్లో అది అద్భుతం. ఇవాళ అభిమానంతో కొనేవాళ్లే కొంటారు, నేనేమీ అనను.

400 దాటాలంటే 6 ఎంఎం కుటుంబానికి రావాలి. .243 వించెస్టర్ 1955 నాటిది, .308 కేసు మూతి తగ్గించి చేసింది. 58 గ్రెయిన్ల వార్మింట్ బుల్లెట్ నుంచి జింకకి పనికొచ్చే 100 గ్రెయిన్ల దాకా నడుస్తుంది. ఒక్క రైఫిల్‌తో రెండు సీజన్లు గడవాలి అనేవాళ్లకి ఇదే. హోర్నడీ 2017లో ఫ్యాక్టరీ కార్ట్రిడ్జ్‌గా తెచ్చిన 6 ఎంఎం క్రీడ్‌మోర్ పొడుగు బుల్లెట్ల కోసం పుట్టింది, ట్విస్ట్ (బ్యారెల్ గాడుల మెలిక, కింద చెప్తాను) కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. 87 గ్రెయిన్ల వార్మింట్ బుల్లెట్ బీసీ 0.400, ఇటు గాలికి నిలుస్తుంది, అటు తగలగానే పగులుతుంది. చాలా దూరపు పనికి ఇది మంచి మధ్యేమార్గం. కానీ 150 గజాల ప్రైరీ డాగ్ మీద 6 ఎంఎం వాడితే అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

ఇవి కాక .17 రెమింగ్టన్ (1971), .224 వాల్కిరీ, .22 ఏఆర్‌సీ (2024) లాంటివి ఉన్నాయి. ఏఆర్ (ఏఆర్-15 లాంటి సెమీ ఆటోమేటిక్) తరహా రైఫిల్లో దూరం వెళ్లాలనుకునేవాళ్లకి చివరి రెండూ చూడదగ్గవి. మొదటి రైఫిల్‌కి మాత్రం వీటి జోలికి పోవద్దు.

నాలుగో మెట్టు: పేరు తేలాక, బ్యారెల్ ట్విస్ట్ చూడకుండా డబ్బు కట్టవద్దు

బ్యారెల్ లోపలి గాడులు ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయో అదే ట్విస్ట్. 1:12 అంటే పన్నెండు అంగుళాలకి ఒక చుట్టు. బుల్లెట్ పొడుగయ్యే కొద్దీ స్థిరంగా ఎగరడానికి వేగంగా తిరగాలి. పాతకాలపు .22-250 రైఫిళ్లు ఎక్కువగా 1:14. వాటిలో 55 గ్రెయిన్లు హాయిగా ఎగురుతాయి, 75 గ్రెయిన్ల పొడుగు బుల్లెట్ పెడితే అట్ట మీద గుండ్రటి రంధ్రానికి బదులు తాళంచెవి రంధ్రంలా పొడుగ్గా పడుతుంది. అడ్డంగా దొర్లుతూ వెళ్లిందన్నమాట. .223లో 1:12 అయితే 55 దాకా, 1:9 అయితే 69 చుట్టూ, 1:8 అయితే 75 దాటి కూడా వెళ్లొచ్చు. పైన జాబితాలో చివరి వరస మీకు నచ్చి ఉంటే, మీకు కావాల్సింది కొత్త కార్ట్రిడ్జ్ కాదు, 1:8 బ్యారెల్.

ట్విస్ట్ ఒక కార్ట్రిడ్జ్ జాతకాన్నే మార్చేసిన సందర్భం ఉంది. 1955లో వించెస్టర్ .243 తెచ్చిన ఏడాదే రెమింగ్టన్ .244 తెచ్చింది. రెండూ 6 ఎంఎం, శక్తి దాదాపు సమానం. రెమింగ్టన్ తనది వార్మింట్ కార్ట్రిడ్జ్ అనుకుని 1:12 ట్విస్ట్ పెట్టింది. వించెస్టర్ 1:10 పెట్టింది. జనం అటు వార్మింట్‌కీ ఇటు జింకకీ ఒకే రైఫిల్ కావాలనుకున్నారు, జింకకి 100 గ్రెయిన్ల బుల్లెట్ కావాలి, .244 బ్యారెల్‌కి అది లొంగలేదు. అంతే, అమ్మకాలు .243 వైపు వెళ్లిపోయాయి. 1963లో రెమింగ్టన్ ట్విస్ట్ పెంచి, పేరు 6 ఎంఎం రెమింగ్టన్ అని మార్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

మరి అందరూ 1:7 తీసుకుంటే సరిపోదా? పలచటి జాకెట్ (పై లోహపు తొడుగు) ఉన్న వార్మింట్ బుల్లెట్ల విషయంలో దానికో చిక్కుంది. వేగాన్ని 720తో గుణించి ట్విస్ట్ అంగుళాలతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. 3,600 అడుగులు, 1:8 బ్యారెల్ అయితే 3,24,000 చుట్లు. అంత గిరగిరా తిరిగితే కొన్ని పలచటి బుల్లెట్లు జంతువు దాకా చేరకుండా గాలిలోనే చెదిరిపోతాయి. టార్గెట్ ముందు ఒక బూడిదరంగు చార గీసి మాయమైపోతాయి, అట్ట మీద రంధ్రమే ఉండదు. హోర్నడీ ఎస్ఎక్స్ లాంటి బుల్లెట్లకి కంపెనీయే 3,500 అడుగుల హద్దు పెట్టింది. డబ్బా మీద ఆ వాక్యం చదవండి.

బుల్లెట్ రకం గురించి కూడా ఒక హెచ్చరిక. 75 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ గాలికి గట్టిగా నిలబడుతుంది నిజమే, కానీ అది కాగితం మీద రంధ్రాలకి పుట్టింది. చిన్న జంతువులో పగలకుండా సూదిలా దూరి వెళ్లిపోవచ్చు, నేల తగిలితే ఎగిరి పక్కకి పోయే అవకాశం కూడా ఎక్కువ. ప్లాస్టిక్ మొన ఉన్న వార్మింట్ బుల్లెట్ మట్టి తగలగానే పొడి అయిపోతుంది. అందుకే నేను 300 లోపు తేలికపాటి వార్మింట్ బుల్లెట్, ఆపైన గాలి ఉన్న రోజున, వెనక ఎత్తైన మట్టిగట్టు ఉన్నచోట మాత్రమే బరువైనది వాడతాను.

అయిదో మెట్టు: వేడి

ప్రైరీ డాగ్ కాలనీలో నా .22-250తో మొదటి గంట సంబరం. ఇరవయ్యో రౌండ్ తర్వాత స్కోప్‌లో జంతువులు నీళ్లలో ఉన్నట్టు అలలు అలలుగా కదలడం మొదలైంది. ఎండ వల్ల అనుకున్నాను. కాదు, బ్యారెల్ మీంచి లేస్తున్న వేడి గాలి సరిగ్గా స్కోప్ ముందు నుంచి పోతోంది. బ్యారెల్ మీద చేయి వేస్తే రెండు లెక్కపెట్టేలోపు తీసేయాల్సి వచ్చింది. నీడలో ఆనించి అరగంట కూర్చున్నాను. పక్కన .223 ఉన్న స్నేహితుడు మాత్రం తీరిగ్గా కాల్చుకుంటూనే ఉన్నాడు.

లెక్క సులువు. .223లో పాతిక చిల్లర గ్రెయిన్ల పౌడర్ కాలితే, .22-250లో 35 నుంచి 38 కాలుతుంది, .243లో 40 దాటుతుంది. రంధ్రం మాత్రం దాదాపు అంతే. ఆ మంటంతా ఛాంబర్ (కార్ట్రిడ్జ్ కూర్చునే గది) ముందు గాడులు మొదలయ్యే చోటుని తినేస్తుంది. జాగ్రత్తగా వాడితే .223 బ్యారెల్ అయిదు వేల రౌండ్లు దాటి మంచి గ్రూపు ఇవ్వగలదు. .22-250, .243లు అందులో సగం లోపే అలిసిపోవడం మామూలు, వేడి మీద వేడిగా కాలిస్తే ఇంకా ముందే. రోజుకి 250 రౌండ్లు అయితే అది ఎన్ని రోజులో మీరే చూసుకోండి.

నా నియమం: బ్యారెల్ మీద చేయి ఉంచి అయిదు లెక్కపెట్టగలిగితే కాల్చు, లేకపోతే ఆపు. కాలనీకి వెళ్లేటప్పుడు రెండు రైఫిళ్లు తీసుకెళ్లడం డాబు కాదు, అవసరం. రోజంతా .223, మధ్యమధ్యలో దూరపు దిబ్బల కోసం రెండోది.

దెబ్బ కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఇది భుజం నొప్పి సంగతి కాదు. బరువైన .223 పేలాక స్కోప్ కదలదు, బుల్లెట్ ఎక్కడ తగిలిందో మీరే చూస్తారు, తర్వాతి రౌండ్ సరిదిద్దుకుంటారు. .243తో స్కోప్ పైకి లేచి, మళ్లీ కిందకి దిగేసరికి దుమ్ము చెదిరిపోయి ఉంటుంది. గాలి నేర్చుకోవాలంటే మీ తప్పు మీకు కనపడాలి.

ఆరో మెట్టు: కార్ట్రిడ్జ్ దొరకడం, చట్టం, జాగ్రత్త

వేటకి వెళ్లే చోట దొరకని కార్ట్రిడ్జ్ ఎంత మంచిదైనా దండగ. ఇంట్లో పౌడర్ నింపుకునేవాళ్లకి ఈ బాధ తక్కువ. మిగతావాళ్లు కొనే ముందే, ఒకే లాట్ నంబరు ఉన్న డబ్బాలు సీజన్‌కి సరిపడా దొరుకుతాయా అని చూసుకోవాలి. డబ్బా మీద రాసిన వేగం ఎక్కువగా 24 అంగుళాల బ్యారెల్‌లో కొలిచింది. మీది 16 అంగుళాలైతే అంగుళానికి 20 నుంచి 30 అడుగులు తీసేసి లెక్క మొదలుపెట్టండి.

కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని బుల్లెట్లే వాడాలి. రాగి తేలిక కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడుగవుతుంది, అంటే మళ్లీ ట్విస్ట్ ప్రశ్న వచ్చిందన్నమాట. యూటా ప్రైరీ డాగ్ అనే జాతికి ఫెడరల్ రక్షణ ఉంది. సౌత్ డకోటాలో కోనాటా బేసిన్ ప్రాంతంలో, నల్లకాళ్ల ఫెరెట్ల (ప్రైరీ డాగ్‌లని తిని బతికే అరుదైన జంతువుల) కోసం, ప్రైరీ డాగ్ కాల్పులు నిషేధం. లైసెన్సు, సీజను, భూమి యజమాని అనుమతి రాష్ట్రాన్ని బట్టి మారతాయి. వెళ్లే ముందు ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ తాజా నిబంధనలు చదవండి.

రెండు పొరపాట్లు ప్రాణం మీదకి తెస్తాయి. మీ ఇంట్లో .300 బ్లాకౌట్ కూడా ఉంటే దాని రౌండ్లు .223 రైఫిల్ దగ్గరికి రానివ్వొద్దు. ఆ కేసు .223 నుంచే పుట్టింది కాబట్టి ఛాంబర్‌లోకి దూరే అవకాశం ఉంది, కానీ లావు బుల్లెట్ సన్న బ్యారెల్‌లో పట్టదు, రైఫిల్ పేలిపోతుంది. మ్యాగజైన్లకి వేరే రంగు టేపు వేసుకోండి. రెండోది, బ్యారెల్ మీద .223 అని మాత్రమే ఉంటే 5.56 సైనిక రౌండ్లు అందులో వాడొద్దు, పీడనం హద్దు దాటుతుంది. 5.56 ఛాంబర్‌లో .223 వాడితే ఇబ్బంది లేదు.

చివరి మెట్టు: కొన్నాక చేయాల్సింది

రెండు మూడు రకాల బుల్లెట్లు ఒక్కో డబ్బా చొప్పున తెచ్చి, ఒక్కోదానితో అయిదు రౌండ్ల గ్రూపులు నాలుగు వేయండి. మూడు రౌండ్ల గ్రూపు అదృష్టాన్ని కొలుస్తుంది. మధ్యలో బ్యారెల్ చల్లారనివ్వండి. మంచి గ్రూపు ఇచ్చినదానితో 200 గజాలకి గురి సరిచేసి (జీరో చేసి), 300, 400 దగ్గర నిజంగా ఎంత కిందకి పడుతోందో కాల్చి చూడండి. ఫోన్‌లో యాప్ చెప్పింది అంచనా మాత్రమే. వీలైతే క్రోనోగ్రాఫ్‌తో మీ బ్యారెల్ వేగం కొలిచి ఆ అంకెని యాప్‌లో పెట్టండి.

తర్వాత గాలి ఉన్న రోజు చూసుకుని మళ్లీ వెళ్లండి. ప్రశాంతంగా ఉన్న రోజు కాదు. 300 గజాల దగ్గర మూడు అంగుళాల అట్టముక్క పెట్టి, కాల్చే ముందు "ఇంత జరుగుతుంది" అని కాగితం మీద రాసి, అప్పుడు కాల్చండి. నా మొదటి పేజీలో రాసుకున్నవి ఇరవై అంచనాలు, అందులో అట్టని తాకినవి ఆరు. మూడో వారానికి పదమూడు అయ్యాయి. కార్ట్రిడ్జ్ అదే, పాత .223యే. .22-250ని ఇప్పుడు కొయోటీ సీజన్‌లో మాత్రమే బయటికి తీస్తున్నాను.